విప్పి నేర్చిన విద్య: జి.డి. నాయుడుగారు

తమిళనాటి తెలుగువారమైన మనకు జి.డి. నాయుడుగారి పేరు క్రొత్త గాదు. ఆయన 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు చెంత కలంగల్ గ్రామమున జన్మించిరి. బడిచదువు ఆయనకు రుచింపలేదు.

ఆంగ్లేయాధికారి యొకడు మోటారు సైకిలుపై పోవుట చూచి, అట్టిది తనకును కావలెనని తలచిరి. చేత కాసు లేదు. కోయంబత్తూరి భోజనశాలలో వడ్డనపని చేసి, కొన్నేండ్లు కూడబెట్టిన సొమ్ముతో బండిని కొనిరి. ఎవరైనను తొలుత ఎక్కి ఊరెల్ల తిరుగుదురు. ఈయనయో, మరలన్నియు ఊడదీసి ముందు పరచుకొనిరి! ఒక్క మర తప్పినను ఇన్నేండ్ల కష్టము ఇనుపముక్కలై మిగులును గదా. నూనె యెచట కారునో, బిగువెచట తప్పునో తెలియుటకు విప్పక తప్పదు. విప్పుటకంటె కూర్చుటయే కష్టమని, ఇంట సైకిలు విప్పి తిట్లుతిన్న మన బాలురెరుగుదురు. నాయుడుగారు విప్పినదానిని మరల కూర్చిరి. ఆయనకు అదియే తొలి పాఠశాల యని మేము తలచెదము.

1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళనుల నడుమ ప్రయాణికులను చేరవేయ నారంభించిరి. అదియే యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెరిగెను. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలసి విద్యుత్ మోటారును నిర్మించిరి. 1974 జనవరి 4వ తేదీన గతించిరి. కోయంబత్తూరు అవినాశి రోడ్డున ఆయన పేర వెలసిన ప్రదర్శనశాలలో, పాతకాలపు కార్లను మన పిల్లలు చూడవచ్చును.