పలక మీద లెక్కలు చేసిన మహనీయుడు - శ్రీనివాస రామానుజన్



మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దిన వాళ్ళం మనం. కాగితాలు కొనే స్తోమత లేక పలక మీదే లెక్కలు చేసి, మోచేత్తో తుడిచి మళ్ళీ రాసిన శ్రీనివాస రామానుజన్ గారి గురించి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పాలనుకున్నాము.

ఆయన 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో జన్మించి కుంభకోణంలో పెరిగారు. తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తా. 1904లో స్కాలర్‌షిప్‌తో కాలేజీలో చేరారు. ధ్యాసంతా లెక్కల మీదే ఉండి మిగతా సబ్జెక్టులు దెబ్బతిన్నాయి, స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళిపోయారు. తరువాత మద్రాసులో చదివినా, ఇప్పటి ఇంటర్ వంటి ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పారు.

1910 చివర్లో నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు గారిని కలిశారు. మన కనిగిరి, పొదిలి అప్పుడు నెల్లూరు జిల్లాలోనివే. నోటు పుస్తకాలు చూసిన కలెక్టరు గారు నెలనెలా 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతంతో గుమాస్తా ఉద్యోగం దొరికింది.

1913లో కేంబ్రిడ్జిలోని హార్డీ గారికి ఉత్తరం రాశారు. ఏ సంఖ్య ఇచ్చినా దాని లోపల ఎన్ని ప్రధాన సంఖ్యలు ఉంటాయో చెప్పే సూత్రం కనుగొన్నానని అందులో తెలిపారు. అయితే చాలా పెద్ద సంఖ్యల దగ్గర అది ఆయన అనుకున్నంత కచ్చితంగా నిలవలేదు. నిరూపణ లేనిదే లెక్క పూర్తి కాదని హార్డీ గారు తెలియజెప్పారు. రామానుజన్ గారు కుంగిపోలేదు. 1914లో ఇంగ్లండు వెళ్ళారు. ఎఫ్.ఏ. తప్పిన ఆయనకు 1916లో కేంబ్రిడ్జి పట్టా వచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

1919లో జబ్బుతో తిరిగి వచ్చారు. ఆ ఏడాదే ప్రధాన సంఖ్యల మీద ఆయన చిన్న వ్యాసం అచ్చయింది. 1 కన్నా పెద్దదైన ఏ సంఖ్యకైనా, దాని రెట్టింపుకూ మధ్య కనీసం ఒక ప్రధాన సంఖ్య ఉండి తీరుతుంది. 10కీ 20కీ మధ్య 11, 13, 17, 19 ఉన్నట్టు. దీన్ని చెబిషెవ్ అంతకు ముందే నిరూపించారు. రామానుజన్ గారు ఎంతో క్లుప్తంగా నిరూపించి, ఇంకా ముందుకు వెళ్ళారు. అందులో ఆయన చూపిన 2, 11, 17, 29, 41 వంటివాటిని నేడు రామానుజన్ ప్రధాన సంఖ్యలు అంటున్నారు.

2024 అక్టోబరులో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్న ప్రధాన సంఖ్య దొరికింది. దానికీ దాని రెట్టింపుకూ మధ్య మరొకటి ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. కానీ ఉందని నిరూపణ చెబుతోంది.

1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు.

మాలో చాలామందిమి మా ఇళ్ళలో మొదటి గ్రాడ్యుయేట్లం. లెక్కల పేపరు తప్పి, పెట్టె సర్దుకొని గిద్దలూరు బస్సెక్కిన వాళ్ళమూ మాలో ఉన్నాము. సీనియర్ అన్నలు వచ్చి కూర్చోబెట్టి చెప్పబట్టే మళ్ళీ పరీక్ష రాశాము. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, తప్పిన పేపరుతో చదువు ఆపవద్దు. అన్నలారా, అక్కలారా, ఈసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు ఒక్కరి లెక్కల నోటు పుస్తకమైనా తెరిచి చూడండి. తప్పు కనబడితే దగ్గర కూర్చొని దిద్దండి.