ఆర్కిమెడీస్ అక్షరాల లెక్క

తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో వృత్త వైశాల్యం లెక్కకి నాకు ఒక మార్కు పోయింది. పై విలువ 22/7కి సమానం అని రాశాను. లెక్కల మాస్టారు ఆ సమాన గుర్తు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన సుమారు అని రాశారు. ఆ ఒక్క మార్కు మీద కోపం చాలా ఏళ్లు మోశాను. ఉద్యోగంలో చేరాక ఆర్కిమెడీస్ గురించి చదివితే, తప్పు నాదేనని తెలిసింది.

ఆయన సిసిలీ ద్వీపంలోని సైరక్యూస్ నగరంలో సుమారు క్రీ.పూ. 287లో పుట్టాడు. తండ్రి ఫీడియస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. తొట్టి స్నానం కథ మనందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. నన్ను ఆశ్చర్యపరిచింది ఆయన ఏ అంకెలతో లెక్కలు చేశాడన్నది.

అసలు అప్పటి గ్రీకులకు వేరే అంకెలే లేవు. అక్షరాలే అంకెలు. ఆల్ఫా అంటే 1, బీటా అంటే 2. ఒకట్లకు తొమ్మిది, పదులకు తొమ్మిది, వందలకు తొమ్మిది, మొత్తం 27 అక్షరాలు కావాలి. ఉన్నవి 24. అందుకని వాడుక తప్పిన మూడు పాత అక్షరాలను మళ్లీ తెచ్చుకున్నారు. 287 రాయాలంటే సిగ్మా, పై, జీటా. అవును, మనం వృత్తానికి వాడే పై వాళ్లకు 80! సున్నా లేదు, స్థాన విలువ లేదు. పేరున్న అతి పెద్ద సంఖ్య మిరియడ్, అంటే పదివేలు.

ఈ సరంజామాతోనే ఆయన వృత్తం లోపల, బయట షడ్భుజాలతో మొదలుపెట్టి, భుజాలను రెట్టింపు చేసుకుంటూ 96 దాకా వెళ్లాడు. వృత్త పరిధి వ్యాసానికి 3 10/71 రెట్ల కన్నా ఎక్కువ, 3 1/7 రెట్ల కన్నా తక్కువ అని తేల్చాడు. మన 22/7 ఆ పై హద్దు. సమానమని ఆయనే అనలేదు. నేనన్నాను.

విశ్వమంతా ఇసుకతో నింపితే ఎన్ని రేణువులు పడతాయో లెక్కగట్టి, గెలోన్ రాజు కోసం ఒక చిన్న గ్రంథం రాశాడు. గసగసాల గింజలను కొలబద్ద మీద పేర్చి చూస్తే వేలి వెడల్పుకు పాతిక సరిపోయాయి. అయినా నలభై అనుకున్నాడు. మా ఇంజనీర్లు ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అనేది ఇదే. ఒక్కో గింజంతలో పదివేల రేణువులు అనుకున్నాడు. సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందన్న అరిస్టార్కస్ ఊహలోని విశ్వాన్ని, అందరూ నమ్మే దానికన్నా పెద్దదని, కావాలనే తీసుకున్నాడు.

ఇంత సంఖ్యకు పేరేది? పదివేల పదివేలు, అంటే మన పది కోట్ల దాకా మొదటి తరగతి అన్నాడు. ఆ పది కోట్లను ఒకటిగా పట్టుకుని రెండో తరగతి. అలా పేర్చుకుంటూ పోతే ఇసుక లెక్క ఎనిమిదో తరగతిలోనే తెమిలింది. మన పద్ధతిలో 1 పక్కన 63 సున్నాలు. అక్కడితో ఆగక, 1 పక్కన ఎనిమిది వందల కోట్ల కోట్ల సున్నాలుండే సంఖ్య దాకా పేర్లు కట్టాడు. ప్రతి మెట్టునూ మళ్లీ ఒకటిగా చూడడం తెలిసినవాడికి పదితోనే ఆ పని చేయవచ్చని, ఖాళీ చోటుకొక గుర్తు పెడితే చాలని ఎందుకు తట్టలేదో! అక్షరాలతో రోజువారీ పని జరిగిపోతుండడమే కారణమని నా అభిప్రాయం.

క్రీ.పూ. 212లో రోమన్లు సైరక్యూస్‌ను పట్టుకున్నప్పుడు ఒక సైనికుడి చేతిలో చనిపోయాడు. చంపవద్దని సేనాని మార్సెల్లస్ చెప్పి ఉంచాడంటారు. 137 ఏళ్ల తర్వాత, ఉద్యోగరీత్యా సిసిలీ వచ్చిన సిసిరో ఆయన సమాధి కోసం వెతికాడు. అలాంటిదేమీ లేదన్నారు ఊరివాళ్లు. ముళ్లపొదల్లోంచి పైకి కనిపిస్తున్న చిన్న స్తంభం మీద ఒక గోళం, ఒక స్థూపం బొమ్మలు చూసి సిసిరో గుర్తుపట్టాడు. గోళం దాని చుట్టూ సరిగ్గా పట్టే స్థూపంలో మూడింట రెండు వంతులని నిరూపించింది ఆర్కిమెడీసే. అక్కడ మాత్రం సమాన గుర్తు పెట్టినా మాస్టారు మార్కు కోసేవారు కాదు.