ఏకవచనం కోసం పోరాడిన జార్జి ఫాక్స్

నేటి ప్రామాణిక ఆంగ్లంలో మధ్యమపురుష సర్వనామం ఒక్కటే, ‘యూ’. పసివానినైనా ప్రధానమంత్రినైనా ఆ మాటతోనే సంబోధిస్తారు. పదిహేడవ శతాబ్దిలో స్థితి వేరు. చనువున్నవారిని, తక్కువవారిని ‘దౌ’ అనీ, అధికులను బహువచనమైన ‘యూ’ అనీ అనేవారు. మన ‘నీవు’, ‘మీరు’ వంటివే. ఈ భేదాన్ని ధిక్కరించినవాడు జార్జి ఫాక్స్.

ఆయన 1624లో ఇంగ్లండులోని లీసెస్టర్‌షైర్‌లో ఒక నేతపనివాని ఇంట జన్మించాడు. చెప్పులు కుట్టేవాని వద్ద పని నేర్చాడు. 1647 నుండి ఊరూరా బోధిస్తూ, క్వేకర్లుగా పేరొందిన మిత్రసమాజానికి మూలపురుషుడయ్యాడు. దేవుణ్ణే ‘దౌ’ అని ప్రార్థిస్తున్నప్పుడు ఒక్క న్యాయాధిపతికి బహువచనమెందుకన్నది వారి వాదం. వినేవారికి అది తలబిరుసుగా తోచింది. తండ్రిని ‘దౌ’ అన్న కొడుకు దెబ్బలు తిన్న సందర్భమూ ఉంది. అధికారుల ఎదుట టోపీ తీయకపోవడం కూడా ఈ పట్టుదలలో భాగమే. అందుకు 1656లో లాన్సెస్టన్ న్యాయస్థానం ఫాక్స్‌కు జరిమానా విధించింది. ఆయన చెల్లించలేదు, నెలల తరబడి చెరలో మగ్గాడు.

1660లో ఇద్దరు సహచరులతో కలసి ఒక వ్యాకరణ గ్రంథమే ప్రకటించాడు. 30కి పైగా భాషలలో ఏకవచన, బహువచన సర్వనామాలు వేరువేరని అది ఉదాహరణలతో చూపింది. ఫాక్స్ పండితుడు కాడు. ఆ భాషాజ్ఞానం ముఖ్యంగా సహచరులది.

1691లో ఆయన లండనులో మరణించాడు. లోకం మాత్రం ‘దౌ’ను విడిచి అందరికీ ‘యూ’నే కట్టబెట్టింది. ఒక్కరితో మాట్లాడినా ‘యూ’ పక్కన ‘ఆర్’ అనే బహువచన క్రియ నిలవడం అందువల్లనే. విచిత్రమేమంటే, తరువాతి కాలపు క్వేకర్లు కర్తృస్థానంలో ‘దౌ’కు బదులు దాని కర్మరూపమైన ‘దీ’ని వాడసాగారు.