డగ్లస్ ఎంగెల్‌బర్ట్: మౌస్ ఒక్కటే కాదు

మౌస్ కనిపెట్టిందెవరు అన్న ప్రశ్న జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. జవాబుగా డగ్లస్ ఎంగెల్‌బర్ట్ అనే పేరు బట్టీ పట్టి, అంతటితో ఆ మనిషిని వదిలేస్తాం. నిజానికి ఆయన జీవితమంతా ధారపోసింది మౌస్ కోసం కాదు. పెద్ద వ్రాతను శీర్షికలుగా, ఉపశీర్షికలుగా అమర్చి, అక్కరలేని భాగం మడిచి, కావలసిన భాగం విప్పి, ఒక చోటి నుండి మరో చోటికి క్షణంలో వెళ్లగలిగే విద్య కోసం ఆయన పాటుపడ్డారు. మౌస్ ఆ దారిలో అవసరపడి చేసుకున్న పనిముట్టు.

ఆయన 1925 జనవరి 30న అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌లో జన్మించారు. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. ఆర్థిక మాంద్యం రోజులు; ఊరి శివార్లలో పల్లెటూరి వాతావరణంలో పెరిగారు. ఓరెగన్ స్టేట్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతుండగా, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, నౌకాదళంలో రాడార్ టెక్నీషియన్‌గా చేరారు. ఫిలిప్పీన్స్ వెళ్లేసరికి యుద్ధం ముగిసింది. అక్కడ లేటే ద్వీపంలో, గుంజల మీద కట్టిన ఒక గుడిసెలో రెడ్‌క్రాస్ వాళ్ల చిన్న గ్రంథాలయం ఉండేది. వానెవర్ బుష్ అనే శాస్త్రవేత్త 1945లో వ్రాసిన వ్యాసం అందులోనే ఆయన కంటబడింది. మనిషి చదివినదంతా ఒక బల్లలో దాచుకుని, ఒక కాగితానికీ మరో కాగితానికీ లంకె వేసుకునే యంత్రాన్ని బుష్ అందులో ఊహించారు. ఆ ఊహ ఎంగెల్‌బర్ట్ మనసులో పడి ఉండిపోయింది.

1948లో పట్టా, తర్వాత కాలిఫోర్నియాలోని ఏమ్స్ పరిశోధనశాలలో ఉద్యోగం. 1950 డిసెంబరులో పెళ్లి నిశ్చయమైంది. చదువు, కొలువు, పెళ్లి మూడూ కుదిరాక ఇక మిగిలిన జీవితంలో చేసేదేమిటి అన్న చింత పట్టుకుంది. మనలో చాలామందికి ఈ మూడూ కుదిరితే చింత తీరిపోతుంది, ఆయనకు అక్కడే మొదలైంది! ప్రపంచంలో సమస్యలు రోజురోజుకూ చిక్కుపడుతున్నాయి, వాటిని విప్పే మనిషి శక్తి ఆ వేగంతో పెరగడం లేదు, కాబట్టి ఆ శక్తినే పెంచాలి అని నిర్ణయించుకున్నారు. రాడార్ తెర మీద చుక్కలు చూసిన మనిషి కనుక, అలాంటి తెర మీదే అక్షరాలు చూపించవచ్చునని తోచింది. కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే యంత్రమేనని పెద్దలంతా అనుకునే కాలమది. బర్కిలీలో 1955లో డాక్టరేట్ తీసుకుని, 1957లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

1962లో తన ఆలోచనలన్నీ ఒక నివేదికగా వ్రాశారు. అందులో ఒక చిన్న ప్రయోగముంది. పెన్సిలుకు ఇటుక కట్టి వ్రాయించారు. వ్రాత నెమ్మదిస్తుంది, అక్షరాలు పెద్దవవుతాయి. పనిముట్టు బరువెక్కితే వ్రాతే కుంటుపడుతుంది గదా, మరి పనిముట్టు తేలికైతే ఆలోచన ఎంత దూరం పోతుందో అన్నది ఆయన వాదం. ఎవరైనా ఇంట్లో చేసి చూడదగ్గ ప్రయోగం.

ఆ తేలిక పనిముట్టే ఎన్.ఎల్.ఎస్. అనే వ్యవస్థ. దాంట్లో ప్రతి పేరాకూ ఒక సంఖ్య ఉంటుంది: 1, దాని కింద 1ఎ, దాని కింద 1ఎ1, అలా చెట్టుకొమ్మల్లా. మొదటి అంతస్తు మాత్రమే చూపించమంటే తక్కినవన్నీ ముడుచుకుపోతాయి. ప్రతి పేరాలో మొదటి వరుస మాత్రమే చూపించమన్నా చూపిస్తుంది. ఒక కొమ్మను పట్టుకుని మరోచోట పెడితే దాని పిల్లకొమ్మలన్నీ వెంట వస్తాయి. చేను మధ్య నిలబడితే కాళ్ల దగ్గరి సాళ్లే కనిపిస్తాయి. గట్టెక్కి చూస్తేనే ఏ మడికి నీరందిందో, ఏది ఎండుతోందో తెలుస్తుంది. శీర్షికలు మడిచి చూడటమంటే గట్టెక్కడమే. తెర మీద చోటు చూపడానికి ఏ సాధనం మేలో పోల్చి చూసే పనిలో, 1964లో బిల్ ఇంగ్లిష్ చేతుల మీదుగా చెక్క డబ్బా, రెండు చక్రాలతో మొదటి మౌస్ తయారైంది.

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు వెయ్యిమంది ఎదుట ఆయన దీన్ని తొంభై నిమిషాలు ప్రదర్శించారు. కంప్యూటరేమో 30 మైళ్ల అవతల మెన్లోపార్కులో ఉంది! అంత పెద్ద సభలో ఆయన చూపించిన ఉదాహరణ ఇంటికి తేవలసిన సరుకుల జాబితా. పళ్లూ, సూపు డబ్బాలూ కలగాపులగంగా ఉన్నదాన్ని వర్గాలుగా విడదీశారు, మడిచారు, విప్పారు. తర్వాత దారి పటం గీసి, ఏ మజిలీ మీద నొక్కితే అక్కడ కొనవలసినవి వచ్చేట్టు చేశారు. చివర్లో సభ యావత్తూ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

చప్పట్ల తర్వాతి కథ అంత బాగుండదు. డెబ్భైలలో ఆయన శిష్యులు చాలామంది జిరాక్స్ వారి పరిశోధనశాలకు వెళ్లిపోయారు. నిధులు తగ్గాయి. 1977లో ఆ వ్యవస్థ టైమ్‌షేర్ కంపెనీ పరమైంది, 1984లో ఆ కంపెనీని మెక్‌డొనెల్ డగ్లస్ కొన్నది. ఆయన పట్టుదల కూడా ఇందుకు కొంత కారణమనే చెప్పాలి. ఎడమ చేత్తో అయిదు మీటల పలక మీద వేళ్ల కలయికలతో అక్షరాలు కొట్టడం, బోలెడన్ని ఆజ్ఞలు గుర్తుపెట్టుకోవడం, ఇవన్నీ నేర్చుకోవలసిందేనన్నారు. మూడు చక్రాల బండి తేలికే కానీ దూరం పోవాలంటే సైకిలు నేర్చుకోక తప్పదని ఆయన నమ్మకం. లోకం మూడు చక్రాల బండినే కోరుకుంది. మౌస్‌ను తీసుకుని, మడతను వదిలేసింది. 1970లో వచ్చిన మౌస్ పేటెంటు హక్కులు సంస్థవి, ఆయనకు రాయల్టీ ముట్టలేదు. నా మటుకు ఆయన సగం పొరపడ్డారనే అనిపిస్తుంది: విద్య గొప్పదే, దానికి మొదటి మెట్టు మరీ ఎత్తులో కట్టారు.

మడత అయినా పూర్తిగా పోలేదు. 1983లో థింక్‌ట్యాంక్ అనే ప్రోగ్రాం చిన్న కంప్యూటర్లలోకి తెచ్చింది, తర్వాత వర్డ్‌లో అవుట్‌లైన్ వ్యూ వచ్చింది. ఇవాళ ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసే మనవాళ్లు చాలామంది శీర్షికను లావు అక్షరాల్లో పెట్టి ఊరుకుంటారు. అది శీర్షిక అని కంప్యూటర్‌కు తెలియదు. హెడింగ్ 1, హెడింగ్ 2 అనే స్టైల్ ఇస్తేనే తెలుస్తుంది. అప్పుడు నావిగేషన్ పేన్‌లో అధ్యాయాలన్నీ వరుసగా నిలుస్తాయి, నొక్కితే అక్కడికి పోవచ్చు. మూడో అధ్యాయాన్ని పట్టి రెండో దానికి ముందుకు లాగితే బొమ్మలూ, పట్టికలతో సహా కదిలివస్తుంది. సబ్‌మిషన్ ముందు రాత్రి అధ్యాయాల వరుస మార్చమని గైడు అంటే దీని విలువ తెలుస్తుంది.

ఉద్యోగం వదిలాక కుమార్తెతో కలిసి బూట్‌స్ట్రాప్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, పాత ఆశయాన్నే చెబుతూ తిరిగారు. 1997లో ట్యూరింగ్ పురస్కారం, 2000లో అమెరికా జాతీయ సాంకేతిక పతకం లభించాయి. 2013 జూలై 2న కాలిఫోర్నియాలోని ఆథర్టన్‌లో, 88వ ఏట కన్నుమూశారు. అదే ఏడాది జనవరిలో విడుదలైన వర్డ్ 2013లో, మామూలు పేజీలోనే శీర్షిక పక్కన చిన్న త్రికోణం కనిపించడం మొదలైంది. నొక్కితే దాని కిందిదంతా ముడుచుకుంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో సభ జరిగి అప్పటికి 44 ఏళ్లు దాటింది.