కోళ్ళు నేర్పిన పాఠము: క్రిస్టియాన్ ఐక్మన్ జీవితము

మల్లెమొగ్గలవలె తెల్లనై, మెతుకు మెతుకు విడివిడిగా నుండు అన్నమును విస్తరిలో చూచినపుడు మన కన్నులకు పండుగ యగును. అట్టి అన్నము వడ్డించుటయే అతిథికి మర్యాద యనియు, ఎఱ్ఱని ముడిబియ్యపు అన్నము పేదరికపు గుర్తనియు మనలో చాలమంది తలంతురు. మా తరగతిలో ఒకనాటి మధ్యాహ్నము చోడి అంబలి తెచ్చుకొనిన బాలుడు గోడవైపు తిరిగి త్రాగుచుండగా మేము చూచితిమి. తెల్లని అన్నము తెచ్చుకొనినవారు గది నడుమ కూర్చుండి తినుచుండిరి. ఆ బాలుని కొఱకును, వాని తోడివారి కొఱకును, ఇంట అన్నము వండి పెట్టు తల్లుల కొఱకును ఈ జీవితకథను వ్రాయుచున్నాము. బియ్యపు తెలుపు బలమునకు గుర్తు కాదని ప్రయోగపూర్వకముగా చూపిన వైద్యుని కథ యిది.

క్రిస్టియాన్ ఐక్మన్ 1858వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన హాలెండు దేశమునందలి నైకెర్క్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ఆ యూరి పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. క్రిస్టియాన్ ఆ యింట ఏడవ సంతానము. బడిపంతులు ఇంట సిరిసంపదలు లేకున్నను చదువునకు లోటుండదు గదా! ఆ బాలుడు శ్రద్ధగా చదివి, 1875లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున సైన్యమునకు వైద్యులను తయారుచేయు విద్యాలయమున చేరెను. 1883లో నరములను గూర్చిన పరిశోధనకు గౌరవముతో డాక్టరు పట్టము నొందెను.

ఆ కాలమున నేటి ఇండోనీషియా దీవులు డచ్చివారి యేలుబడిలో నుండెను. ఐక్మన్ పట్టము పొందిన యేడే సైనిక వైద్యుడుగా ఆ దీవులకు పోయెను. జావాలోను, సుమత్రాలోను పనిచేయుచుండగా మలేరియా జ్వరము వానిని పట్టుకొని క్రుంగదీసెను. 1885లో సెలవుపై స్వదేశమునకు మరలవలసి వచ్చెను. మరుసటి యేట భార్య మరణించెను. ఆరోగ్యము చెడి, ఇల్లు శూన్యమై, ఇరువది యెనిమిదేండ్ల ప్రాయమున అతడు ఒంటరివాడయ్యెను. అయినను చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. బెర్లిన్ నగరమున క్షయ, కలరా క్రిములను కనిపెట్టిన రాబర్ట్ కోహ్ పండితుని కడ సూక్ష్మక్రిమి శాస్త్రమును అభ్యసించెను. జబ్బు తెచ్చిన సెలవే వాని జీవితమును క్రొత్త త్రోవకు మరల్చెను.

అప్పుడు డచ్చి దీవులలో బెరిబెరి యను వ్యాధి విజృంభించి యుండెను. దాని వాతబడినవారికి మొదట కాళ్ళు తిమ్మిరెక్కును. పిదప కండలు కృశించి నడక తప్పును. కొందరికి ఒడలు వాచి, గుండె బలహీనమై, ప్రాణము పోవును. సైనికులును, ఖైదీలును, ఓడ నావికులును వందలకొలది దీనికి బలియగుచుండిరి. కారణము తెలిసికొనుటకై డచ్చి ప్రభుత్వము 1886లో పెకెల్‌హారింగ్, వింక్లర్ అను ఇద్దరు పండితులను జావాకు పంపెను. ఐక్మన్ వారికి తోడుగా పోయెను. అది సూక్ష్మక్రిముల కాలము. ప్రతి వ్యాధికి ఒక క్రిమి యుండితీరునని వైద్యులందఱు నమ్ముచుండిరి. ఆ యిద్దరును క్రిమియే కారణమని భావించి స్వదేశమునకు మరలిరి. మిగిలిన పనిని ఐక్మన్‌కు అప్పగించిరి. 1888లో, నేడు జకార్తా అని పిలువబడు బటేవియా నగరమున, అతడు ప్రయోగశాలకు అధిపతి యయ్యెను.

ఐక్మన్ కోళ్ళను పెంచి, రోగుల నెత్తురును కొన్నింటికి ఎక్కించి చూచుచుండెను. కొన్నాళ్ళకు కోళ్ళు జబ్బుపడెను. కాళ్ళు తడబడి, దండెముపై నిలువలేక, ప్రక్కకు ఒరిగిపోయెను. నరముల జబ్బే యది. క్రిమి దొరకినదని అతడు సంతసించియుండును. కాని నెత్తురు ఎక్కింపని కోళ్ళును అట్లే పడిపోయెను. వేరొక చోట ఉంచినవియు పడిపోయెను. ఎంత వెదకినను క్రిమి కానరాలేదు. ఇంతలో కొన్ని నెలలకు, ఏ మందును ఇయ్యకయే, జబ్బు దానంతటదే మాయమయ్యెను!

మఱొకడైనచో ఆ పీడ వదలినదని ఊరకుండును. ఐక్మన్ ఊరకుండలేదు. కోళ్ళకు ఎప్పుడు ఏమి పెట్టినారో పనివానిని విచారించెను. అప్పుడు నిజము బయటపడెను. పనివాడు ఖర్చు తగ్గించుటకై సైనిక వైద్యశాల వంటయింట మిగిలిన తెల్లని అన్నమును తెచ్చి కోళ్ళకు పెట్టుచుండెను. కొంతకాలమునకు వంటవాడు మాఱెను. సైనికుల కొఱకు వండిన అన్నమును సైన్యమునకు చెందని కోళ్ళకు ఇయ్యనని క్రొత్త వంటవాడు పట్టుపట్టెను. చేయునది లేక పనివాడు మరల ముడిబియ్యము వేసెను. తెల్లని అన్నము మొదలిడిన కొలది వారములకే జబ్బు వచ్చెను. అది మానిన కొలది దినములకే పోయెను.

మర పట్టిన బియ్యము చాలకాలము నిలువ యుండును, త్వరగా ఉడుకును, కంటికి ఇంపుగా నుండును. అందుచేతనే సైన్యములకును, చెఱసాలలకును అవి యెక్కువగా పంపబడుచుండెను. మంచివని పెట్టిన ఆ బియ్యమే చేటు తెచ్చుచున్నదా యని ఐక్మన్ పరీక్ష లారంభించెను. మర పట్టిన బియ్యము మేపిన కోళ్ళు మూడు నాలుగు వారములలో జబ్బుపడెను. ముడిబియ్యము మేపినవి బాగుండెను. జబ్బుపడిన కోళ్ళకు తవుడు పెట్టగా లేచి తిరిగెను. మనము పశువులకు వేయు తవుటిలోనే వాని ప్రాణము నిలిచి యుండెను.

కోళ్ళ మాట సరియే, మనుష్యుల మాట యేమి? జావా వైద్యాధికారి ఆడాల్ఫ్ ఫార్డర్‌మన్ ఆ ప్రశ్నను చేపట్టి 101 చెఱసాలలలో విచారణ జరిపెను. ముడిబియ్యము పెట్టు 37 చెఱసాలలలో ఒక్కదానియందే బెరిబెరి కనబడెను. తెల్లని బియ్యము పెట్టు 51 చెఱసాలలలో 36 చోట్ల ఆ వ్యాధి యుండెను. గదుల వెలుతురు, గాలి, కిక్కిరిసిన జనము ఇవేవియు ఈ తేడాకు కారణములు కావని తేలెను.

విద్యార్థులారా, ఇచ్చట ఒక విషయమును మఱుగుపఱుపరాదు. ఐక్మన్ చూచినది సత్యము. చెప్పిన కారణము మాత్రము పొరపాటు. బియ్యపు పిండిపదార్థమున విష మేదియో కలదనియు, తవుడు దానికి విరుగుడనియు అతడు తలంచెను. 1896లో ఆరోగ్యము చెడి అతడు హాలెండు చేరగా, ఆ స్థానమున పనిచేసిన గెరిట్ గ్రైన్స్ 1901లో అసలు కారణమును వివరించెను. తెల్లని బియ్యమున విషము లేదు. ఉండవలసిన దొకటి లేదు. ఆ లేమియే వ్యాధి. చివరకు ఐక్మన్ కూడ ఆ వివరణమునకు సమ్మతించెను. జావాలో తాను చేసిన ప్రయోగములను దాచక ప్రకటించెను గనుకనే మఱొకడు ఆ పొరపాటును దిద్దగలిగెను.

1898 నుండి ఐక్మన్ యూట్రెక్ట్ విశ్వవిద్యాలయమున ఆరోగ్యశాస్త్రాచార్యుడై దీర్ఘకాలము బోధించెను. 1929లో ఇంగ్లండు పండితుడు హాప్‌కిన్స్‌తో కలిపి వానికి నోబెల్ బహుమతి నిచ్చిరి. అప్పటికి జబ్బుతో నున్నందున బహుమతి నందుకొనుటకు పోజాలకపోయెను. 1930 నవంబరు 5వ తేదీన యూట్రెక్ట్ నగరమున కన్నుమూసెను.

వాని పని అంతటితో ఆగలేదు. 1912లో కాసిమిర్ ఫంక్ ఇట్టి జీవపదార్థములకు విటమిన్ అను పేరు పెట్టెను. 1926లో జాన్సెన్, డోనాత్ అనువారు ఐక్మన్ పనిచేసిన బటేవియాలోనే రాశులకొలది తవుటి నుండి ఆ పదార్థమును చిటికెడు స్ఫటికములుగా వేరుచేసిరి. దానినే నేడు బి-1 విటమిన్ అనియు, థయమిన్ అనియు అందుము. మనము తిన్న పిండిపదార్థమును శక్తిగా మార్చుకొనుటకు అది కావలెను. అది లేనిచో నరములును గుండెయు మొదట దెబ్బతినును. 1936లో దానిని కృత్రిమముగా తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ అమెరికా దేశీయుడే యైనను, పుట్టినది మన తెలుగుగడ్డపై, నెల్లూరిలో!

ఈ వ్యాధి మనకు పరాయిది కాదు. గంజాం మొదలుకొని దక్షిణమునకు సాగు సర్కారు తీరమున పూర్వము బెరిబెరి యుండెను. దానిని పరిశోధించుటకే 1918లో మెకారిసన్ అను వైద్యుడు కూనూరులో ఒక్క గదిలో పని ఆరంభించెను. అదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. తెలుగు తీరవాసులు పచ్చిబియ్యమును మర పట్టించి తినుటయు, ఉప్పుడు బియ్యము తినువారికి ఆ వ్యాధి అరుదగుటయు నాటి వైద్యులు గమనించిరి. వడ్లను నానబెట్టి ఉడికించినపుడు తవుటిలోని సారము గింజలోనికి ఇంకును. పిదప మర పట్టినను అది చాలవఱకు నిలుచును.

మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో ఉప్పుడు బియ్యపు అన్నమును చూచి ముఖము చిట్లించువారిలో మేమును ఒకరమై యుంటిమి. ఈ యూరికి వచ్చి, ఒడియా ఇరుగుపొరుగు లోట్లాడక తిను ఉసునా అన్నము వెనుక నింత తెలివి యున్నదని తెలిసికొనుటకు మాకు చాల యేండ్లు పట్టినది.

తల్లిదండ్రులకు మా మనవి స్వల్పము. ఇప్పుడు పప్పులు, కూరలు, పాలు, గ్రుడ్లు దొరకుటచే తెల్లని అన్నము తిన్న వెంటనే బెరిబెరి వచ్చునని భయపడ నక్కఱలేదు. కాని పొట్ట నింపునది అన్నమే యైన యింట, ఆ గింజలో సారముండుట మేలు. ముడిబియ్యమో, తక్కువ పట్టు పట్టించిన బియ్యమో, ఉప్పుడు బియ్యమో వారమున కొన్ని దినములైన వండుడు. తవుటిలో నూనె యుండుటచే ముడిబియ్యము త్వరగా కంపుకొట్టును గనుక కొంచెము కొంచెముగా కొనుడు. ముందుగా నానబెట్టినచో మెత్తగా ఉడుకును. బియ్యమును పలుమాఱులు కడిగి పారబోయకుడు. గంజి వార్చితిరా, దానిని పారబోయక త్రాగుడు. బి-1 నీటిలో కరగిపోవునది.

ఇక మా తరగతి బాలునికి ఒక మాట. చోళ్ళ నుండి తవుడు తీసి తెల్లగా చేయుట యెవరికిని వాడుక కాదు. గింజ గింజయంతయు పిండియై నీ గిన్నెలోనికి వచ్చినది. ఎముకలకు కావలసిన సున్నము బియ్యమున కంటె దానిలో ఎన్నో రెట్లు కలదు. నాయనా, రేపటినుండి గోడవైపు తిరుగక, అందఱి నడుమ కూర్చుండి త్రాగుము. నీ ప్రక్కవాడు అడిగినచో వానికిని కొంచెము పోయుము.