దీపధారిణి ఫ్లోరెన్స్ నైటింగేల్

వైద్యశాలలో వైద్యుడు ఒక్కొక్క రోగి వద్ద గడిపే సమయం స్వల్పం. మిగిలిన పగలూ రాత్రీ రోగికి తోడుగా నిలిచేది నర్సు. వేళకు మందు ఇవ్వడం, కట్టు మార్చడం, పక్క సర్దడం, జ్వరం హెచ్చుతగ్గులను గమనించి వైద్యునికి తెలపడం ఆమె బాధ్యత. అటువంటి నర్సులు పదుల సంఖ్యలో పనిచేసేచోట వారందరినీ ఒక్క త్రాటిపై నడిపే నాయకురాలు కూడా అవసరం. ఆ నాయకత్వం ఎలా ఉండాలో తన జీవితం ద్వారా లోకానికి చాటిన మహనీయురాలు ఫ్లోరెన్స్ నైటింగేల్. రాత్రివేళ చేత దీపం పట్టుకొని, గాయపడిన సైనికుల నడుమ సంచరించిన కరుణామూర్తిగా ఆమె అందరికీ తెలుసు. ఆ దీపం వెనుక ఒక లెక్కల పుస్తకం, కఠినమైన క్రమశిక్షణ, తన పొరపాటును తానే ఒప్పుకోగల ధైర్యం ఉన్నాయన్న సంగతి మాత్రం కొందరికే తెలుసు.

ఫ్లోరెన్స్ 1820 మే 12న ఇటలీ దేశంలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించింది. తల్లిదండ్రులు విలియం ఎడ్వర్డ్ నైటింగేల్, ఫ్రాన్సిస్. ఇంగ్లండుకు చెందిన ఆ సంపన్న దంపతులు యూరప్ పర్యటనలో ఉండగా కలిగిన తమ రెండవ కుమార్తెకు ఆ నగరం పేరే పెట్టుకున్నారు. స్వదేశానికి వచ్చిన తరువాత ఆమె బాల్యం డెర్బీషైర్, హాంప్‌షైర్ ప్రాంతాలలోని విశాలమైన భవనాలలో గడిచింది. ఆనాడు ఇంగ్లండులో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. అందువల్ల తండ్రే గురువై కుమార్తెలిద్దరికీ గ్రీకు, లాటిన్ మొదలైన భాషలనూ, చరిత్రనూ, తత్త్వశాస్త్రాన్నీ బోధించాడు. ఫ్లోరెన్స్‌కు గణితమంటే మక్కువ ఎక్కువ. అంకెలపై ఏర్పడిన ఆ అభిరుచి తరువాతి కాలంలో ఎందరో ప్రాణాలను కాపాడే సాధనమైంది.

పదహారేళ్ళ వయసులో, 1837 ఫిబ్రవరిలో, భగవంతుడు తనను సేవకు పిలుస్తున్నాడన్న భావన ఆమెకు కలిగింది. ఆ సేవ రోగుల శుశ్రూషేనని తెలుసుకోవడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. ఆమె తన కోరికను ఇంట్లో వెల్లడించగానే తల్లి, అక్క తీవ్రంగా వ్యతిరేకించారు. వారి వ్యతిరేకతకు కారణం లేకపోలేదు. ఆ కాలపు ఆస్పత్రులు మురికికీ దుర్గంధానికీ నిలయాలు. నర్సులలో అధిక భాగం శిక్షణ లేనివారు; వారిలో కొందరు మద్యానికి బానిసలన్న అపకీర్తి ఉండేది. గౌరవప్రదమైన కుటుంబంలోని యువతి అటువంటి చోట అడుగుపెట్టడం ఊహకందని విషయం. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న సామెత ఫ్లోరెన్స్ విషయంలో అక్షరాలా నిజమైంది. ఆమె తెల్లవారకముందే లేచి, దీపం వెలుగులో ఆస్పత్రులకు సంబంధించిన నివేదికలను చదివి వివరాలు రాసుకొనేది. తనను ప్రేమించిన విద్యావంతుడు వివాహానికి కోరినా, గృహజీవితం తన ఆశయానికి అడ్డు కాగలదని తలచి నిరాకరించింది.

ఎట్టకేలకు 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో ఒక క్రైస్తవ సేవాసంస్థలో సుమారు మూడు నెలలు శిక్షణ పొందే అవకాశం లభించింది. 1853 ఆగస్టులో లండన్ హార్లీ వీధిలోని ఒక చిన్న ఆస్పత్రికి ఆమె పర్యవేక్షకురాలైంది. అక్కడ ఆమె మొదట గమనించినది నర్సుల శ్రమను. వేడినీళ్ళకూ భోజనానికీ మెట్లు ఎక్కి దిగడంలోనే వారి శక్తి హరించుకుపోతున్నది. ప్రతి అంతస్తుకూ గొట్టాల ద్వారా వేడినీరు అందేలా, ఆహారం చిన్న లిఫ్టులో పైకి చేరేలా ఆమె ఏర్పాటు చేయించింది. రోగి గంట మోగిస్తే, పిలిచినది ఎవరో నర్సుకు వెంటనే తెలిసే పద్ధతిని ప్రవేశపెట్టింది. నర్సు కాళ్ళకు విశ్రాంతి దొరికితేనే రోగికి ఆమె చేతుల సేవ దొరుకుతుందని గ్రహించిన నాయకురాలామె.

ఇంతలో క్రిమియా యుద్ధం వచ్చింది. 1854లో బ్రిటన్, ఫ్రాన్స్ దేశాలు టర్కీ పక్షాన నిలిచి రష్యాతో తలపడ్డాయి. గాయపడిన బ్రిటిష్ సైనికులను ఓడలలో నల్లసముద్రం దాటించి, నేటి ఇస్తాంబుల్ నగరంలో భాగమైన స్కుటారిలోని సైనిక వైద్యశాలకు చేర్చేవారు. అక్కడ దిక్కులేక వారు పడుతున్న యాతనను పత్రికలు బయటపెట్టగా ఇంగ్లండు ప్రజలు ఆగ్రహోదగ్రులయ్యారు. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఫ్లోరెన్స్‌కు మిత్రుడు. నర్సుల బృందాన్ని వెంటబెట్టుకొని వెళ్ళవలసిందిగా ఆయన ఆమెను కోరాడు. కొద్ది రోజుల్లోనే 38 మంది సిద్ధమయ్యారు. వారిలో 24 మంది వివిధ క్రైస్తవ సేవాసంఘాలకు చెందినవారు, 14 మంది ఆస్పత్రి నర్సులు. 1854 నవంబరు 4న ఆ బృందం స్కుటారి చేరింది.

ఆ వైద్యశాల నిజానికి సైనికుల బస కోసం కట్టిన విశాలమైన భవనం. కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. మంచాలు చాలక క్షతగాత్రులు నేలపైనే పడి ఉన్నారు. సబ్బు లేదు, తువ్వాళ్ళు లేవు, మార్చడానికి దుస్తులు లేవు. ఇంత అవసరం ఉన్నా సైనిక వైద్యులు ఆడవారి రాకను స్వాగతించలేదు. తమ అధికారంలో జోక్యం జరుగుతుందని శంకించారు. అప్పుడు ఫ్లోరెన్స్ చూపిన సంయమనం గమనింపదగినది. వైద్యులు కోరనిదే ఏ నర్సూ రోగిని తాకరాదని ఆమె ఆజ్ఞాపించింది. కళ్ళెదుట బాధ కనబడుతున్నా నర్సులు కట్టుగుడ్డలు, దిండ్లు కుడుతూ ఓర్పుతో వేచి ఉన్నారు. ఇన్‌కర్మన్ యుద్ధంలో గాయపడినవారు వెల్లువలా వచ్చిపడటంతో వైద్యులే పిలుపు పంపారు. తాము ఎదిరించడానికి కాక సహకరించడానికి వచ్చామని ఆ నిరీక్షణ ద్వారా ఆమె నిరూపించింది.

అటు తరువాత ఆమె కార్యదీక్షకు అడ్డులేకపోయింది. ప్రజలు చందాలుగా ఇచ్చిన ధనంతో, తన సొంత ధనంతో కావలసిన వస్తువులను కొనిపించింది. ఘనాహారం తినలేని రోగుల కోసం ప్రత్యేక వంటశాలలు ఏర్పరచింది. ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, సైనికుల భార్యలకు పని కల్పించి, దుప్పట్లు, చొక్కాలు ఉతికించింది. ఏ వస్తువు ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో లెక్క రాసిపెట్టింది. రాత్రి అందరూ నిద్రించాక దీపం పట్టుకొని వార్డులన్నీ చుట్టివచ్చేది. మరణించిన సైనికుల కుటుంబాలకు స్వయంగా ఉత్తరాలు రాసేది. కోలుకుంటున్నవారికి పఠన మందిరం ఏర్పరచి, వారు తమ జీతం ఇళ్ళకు పంపుకొనే సదుపాయం కల్పించింది.

రోగుల పట్ల వెన్న వంటి ఆమె మనసు క్రమశిక్షణ విషయంలో వజ్రంలా కఠినమైనది. మద్యం సేవించినవారినీ, ఆజ్ఞ మీరినవారినీ తిరిగి ఇంగ్లండుకు పంపివేసింది. తనను సంప్రదించకుండా ప్రభుత్వం మరొక నర్సుల బృందాన్ని పంపినప్పుడు ఆమె తీవ్రంగా నిరసించి, పదవిని విడిచిపెడతానని హెచ్చరించింది. ఆ సందర్భంలో ఆమె ప్రవర్తన మరీ పరుషంగా ఉన్నదని విమర్శించినవారున్నారు. అయితే బాధ్యత ఒకరిపై, అధికారం వేరొకరిపై ఉంటే నష్టపోయేది రోగేనన్నది ఆమె దృఢ విశ్వాసం.

ఇంత చేసినా ఆ శీతకాలంలో మరణాలు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో చికిత్సకు చేరినవారిలో నూటికి 42 మంది చనిపోయారు. వారిలో అధికసంఖ్యాకులను బలిగొన్నవి గాయాలు కావు. కలరా, విరేచనాలు, టైఫస్ వంటి వ్యాధులు. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుధ్య సంఘం వచ్చి మురుగు కాలువలను శుభ్రపరచి, నీటి గొట్టాలలోని మాలిన్యాన్ని తొలగించి, గదులలోకి గాలి ప్రసరించే ఏర్పాటు చేసింది. జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు తగ్గాయి. ఆ వేసవిలోనే క్రిమియాకు వెళ్ళిన ఫ్లోరెన్స్ తీవ్ర జ్వరానికి గురై మృత్యుముఖం నుండి బయటపడింది. ఆ వ్యాధి మిగిల్చిన బలహీనత జీవితాంతం ఆమెను పీడించింది.

1856 ఆగస్టులో, ప్రజల స్వాగత సత్కారాలను తప్పించుకొని, మారుపేరుతో ప్రయాణించి ఆమె ఇల్లు చేరింది. దేశమంతా ఆమెను దేవతగా కీర్తిస్తున్న సమయమది. ఆమె మాత్రం మరణాల లెక్కలు ముందు వేసుకొని కూర్చుంది. యుద్ధకాలంలో ఆహారలోపం, అలసట, సరఫరాల కొరతలే ఈ మరణాలకు ముఖ్య కారణాలని ఆమె భావించింది. గణాంక శాస్త్రవేత్త విలియం ఫార్ సహాయంతో అంకెలను పరిశీలించగా వేరొక సత్యం బయటపడింది. తాను రేయింబవళ్ళు శ్రమించిన ఆ భవనపు అపరిశుభ్రతే వేలమందిని పొట్టన పెట్టుకున్నది. కీర్తి శిఖరాన ఉన్న వ్యక్తికి ఇంతకంటే చేదునిజం ఉండదు. దానిని దాచిపెట్టినా అడిగేవారు లేరు. ఆమె దాచలేదు. ఆ అంకెలను అందరికీ అర్థమయ్యేలా రంగుల వృత్తచిత్రాలుగా మలచి, 1858లో ప్రభుత్వం ముందుంచింది. సైనిక వైద్యశాలల సంస్కరణకు ఆ నివేదిక బలమైన ఆధారమైంది. అదే సంవత్సరం లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొన్నది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె.

ప్రజలు కృతజ్ఞతతో సమకూర్చిన 44 వేల పౌండ్ల నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నైటింగేల్ శిక్షణాలయం ప్రారంభమైంది. నర్సులు శిక్షణ పొందిన ఒక మహిళ ఆధిపత్యంలోనే పనిచేయాలన్నది ఆమె నియమం. నేడు ఆస్పత్రులలో కనిపించే నర్సింగ్ సూపరింటెండెంటు పదవికి ఈ భావనే పునాది. ఇక్కడ శిక్షణ పొందినవారు ఇతర నగరాలకూ దేశాలకూ వెళ్ళి నాయకురాళ్ళయ్యారు. లూసీ ఓస్బర్న్ 1868లో సిడ్నీ చేరి అక్కడి ఆస్పత్రిని సంస్కరించింది. ఆగ్నెస్ జోన్స్ లివర్‌పూల్‌లో నిరుపేదల వైద్యశాలను తీర్చిదిద్ది, టైఫస్ సోకి 1868లో అసువులు బాసింది. రోగుల శుశ్రూష గురించి రాసిన తన గ్రంథంలో ఫ్లోరెన్స్ ఒక ముఖ్య సూత్రాన్ని బోధించింది. తాను ఉన్నప్పుడు జరిగే మంచి పని తాను లేనప్పుడు కూడా తప్పక జరిగేలా ఏర్పాటు చేయడమే నిర్వహణ అన్నది ఆ సూత్రం. అన్నీ తానే చేయాలనుకునేవారు ఎంత శ్రమించినా మంచి నాయకులు కాలేరని దీని సారాంశం.

ఫ్లోరెన్స్ ఎన్నడూ భారతదేశానికి రాలేదు. అయినా ఈ దేశ ప్రజల ఆరోగ్యం గురించి దశాబ్దాల తరబడి శ్రమించింది. ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నావళులు పంపి సమాచారం సేకరించింది. ఏటా వెయ్యిమంది సైనికులకు 69 మంది మరణిస్తున్నారని 1863 నాటి నివేదిక వెల్లడించింది. పరిశుభ్రమైన నీరు, మురుగు పారుదల ఏర్పడితే ఈ మరణాలను అరికట్టవచ్చునని ఆమె వాదించింది. 1876–78 నాటి ఘోర క్షామం మద్రాసు రాష్ట్రాన్ని కబళించినప్పుడు నీటిపారుదలే శాశ్వత పరిష్కారమని వ్యాసాలు రాసింది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించి తెలుగువారి హృదయాలలో నిలిచిన ఆర్థర్ కాటన్‌తో ఆమె ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, ఆయన ఆశయాలను సమర్థించింది.

ఈ కృషిలో చాలా భాగం ఆమె రోగశయ్యపై నుండే సాగించింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పురస్కారం పొందిన తొలి మహిళ అయింది. అప్పటికే ఆమె చూపు కోల్పోయింది. 1910 ఆగస్టు 13న తొంభై ఏళ్ళ వయసులో లండన్‌లో కన్నుమూసింది. ప్రముఖులను ఖననం చేసే వెస్ట్‌మినిస్టర్ అబేలో సమాధి ఏర్పాటుకు ప్రభుత్వం ముందుకు వచ్చినా కుటుంబసభ్యులు అంగీకరించలేదు. ఈస్ట్ వెల్లో గ్రామంలోని ఆమె సమాధిఫలకంపై పూర్తి పేరు కూడా లేదు. పేరులోని రెండు పొడి అక్షరాలు, జనన మరణ వివరాలు మాత్రమే ఉన్నాయి.

ఆమె జన్మదినమైన మే 12ను ప్రపంచమంతటా అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఉత్తమ సేవలందించిన నర్సులకు భారత ప్రభుత్వం 1973 నుండి ఆమె పేరిట పురస్కారాలను అందజేస్తున్నది. కరుణ ఒక్కటే ఉంటే ఒక రోగి కన్నీరు తుడవవచ్చు. ఆ కరుణకు క్రమశిక్షణ, శాస్త్రీయ దృష్టి, సత్యనిష్ఠ తోడైతే వేలమంది రోగులకు ప్రాణదానం చేయవచ్చు. ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.