గోదావరి గట్టున నేర్చిన చదువు: దామెర్ల రామారావు

స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా గొప్ప ఇంజనీరు జీవితం గురించి రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. ముప్పై ఏళ్లు కాలువలు, వంతెనల పనుల్లో గడిపినవాణ్ణి కనుక వారు అలా అడగడం సబబే. అయినా నేను ఒక చిత్రకారుడి గురించి రాస్తున్నాను. కారణం చివర చెబుతాను.

ఎనిమిదో తరగతిలో మన డ్రాయింగు మాస్టారు మమ్మల్ని రాజమండ్రి తీసుకెళ్లడం నా తోటివారికి గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట చూపిస్తారని సంబరపడుతుంటే, ముందుగా దామెర్ల రామారావు చిత్రశాలకు నడిపించారు. అయిష్టంగానే లోపలికి వెళ్లాను. గోడల మీద మనకు తెలిసిన గోదావరి, మన ఇళ్లలో కనిపించేలాంటి ఆడవాళ్లు! మన చుట్టూ ఉన్నవాటిని కూడా బొమ్మలుగా వేయవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. చిన్ననాటి నుంచే బొమ్మలంటే ప్రాణం. ఆ ఇష్టాన్ని కనిపెట్టినవారు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆ ఊరి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా 1909లో వచ్చిన ఆంగ్లేయుడాయన. స్వయంగా కవి, చిత్రకారుడు. శిష్యులను వెంటబెట్టుకుని గోదావరి తీరాన, చుట్టుపక్కల పల్లెల్లో తిరిగేవారు. అజంతా గుహలకూ తీసుకెళ్లారు. కళ్లముందున్నదాన్ని చూడటం నేర్పడమే ఆయన పాఠం. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు కూడా ఆయన శిష్యులే. ఒక మాస్టారు పిల్లలతో కలిసి నడిచినందుకు తెలుగునాటికి దక్కిన ఫలం ఇది.

ఆయన ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. అక్కడ చదువు ముగించాక పెద్ద నగరంలో స్థిరపడలేదు, సొంత ఊరికి తిరిగివచ్చారు. పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం, నంది పూజ వంటి చిత్రాలతో పేరు తెచ్చుకున్నారు. పురాణకథ వేసినా, పూలు ముడుచుకునే స్త్రీలను వేసినా ఆ రేఖల్లో తెలుగుతనం ఉంటుంది.

నాకు ఇంకా గొప్పగా తోచేది మరొకటి. ఆయన కళను తనొక్కడి దగ్గరే ఉంచుకోలేదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులయ్యారు. రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల పెట్టి ఊరి కుర్రాళ్లకు నేర్పారు. కూల్డ్రే తనకు చేసినది ఆయన ఇంకొకరికి చేశారు.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయనను తీసుకుపోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పాఠశాలను ఆగిపోనివ్వకుండా నడిపారు. ఆ చిత్రాలు చెదిరిపోకుండా ఒకచోట నిలిచాయి కనుకే, దాదాపు అరవై ఏళ్ల తర్వాత నిక్కర్లు వేసుకున్న మేము వెళ్లి చూడగలిగాం.

ఇక నేను ఆయన గురించే రాయడానికి కారణం. మా అమ్మాయి చిన్నప్పుడు నా డ్రాయింగు కాగితాల వెనక తెగ బొమ్మలు వేసేది. వాకిట్లో ముగ్గు, కూరగాయల బండి, పిట్టగోడ మీద కాకి, ఏది చూస్తే అది. ఒకసారి సైటుకు తీసుకెళ్లాల్సిన ప్లాను మీద వేసేసిందని గట్టిగా కసిరాను. లెక్కలు చేసుకోమన్నాను. తర్వాత తను బొమ్మలు వేయడం నేను చూడలేదు. ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉంది, నాతో ప్రేమగానే ఉంటుంది. ఆ సంగతి తనకు గుర్తుందో లేదో, అడగడానికి నాకే ధైర్యం చాలదు. ఆ ప్లాను మాత్రం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. స్తంభాల కొలతల మధ్య ఒక కాకి.

స్వర్ణోత్సవం సందర్భంగా మన బడికి ఏమివ్వాలని సంఘం ఆలోచిస్తోంది. కంప్యూటర్లు, బెంచీలు తప్పక ఇద్దాం. వాటితోపాటు వారానికి ఒక పూట డ్రాయింగు పీరియడ్‌ను తరగతి గది దాటించి, కాలువగట్టుకో సంతకో పిల్లలను తీసుకెళ్లే ఏర్పాటు చేయమని ఉపాధ్యాయులను కోరుతున్నాను. కాగితాలు, రంగుల ఖర్చు నాది. వెంట నడవడానికి ఊళ్లో ఉన్న పూర్వ విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కో వారం రావాలి. మొదటి వారం నేను వస్తాను. వీలుంటే మా అమ్మాయిని కూడా రమ్మని అడుగుతాను.